రెండు, ఒకటి, సున్నా: సిగ్నల్ చదువు

(ఐటీఐ, డిప్లొమా చదువుతున్న మన పిల్లల సమావేశంలో మాట్లాడిన మాటలు. కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం.)

వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, జాగా ఉంది. చెల్లెళ్ళూ, మీరూ రండి, ఇది మగపిల్లల మీటింగు కాదు.

రోజూ మన ఊళ్ళ పక్క నుంచి పోయే బండి గురించే ఇవాళ నా మాట. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే కేకే లైను. 1960ల్లో వేశారు. మనం ప్రయాణం చేస్తామని కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి. మన కొండల్లో యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. ఖనిజం ఇప్పటికీ దిగుతూనే ఉంది. 2017లో పాసింజరుకి అద్దాల పెట్టె తగిలించారు, అందులో కూర్చున్నవాళ్ళు మన కొండల్ని ఫోటో తీసుకుంటారు. ప్లాట్‌ఫారం మీద గంప పెట్టుకుని పళ్ళు అమ్మేది మన అక్కలు. పట్టాల పక్కన పార పట్టుకుని పనిచేసేవాళ్ళలో మనవాళ్ళు కనిపిస్తారు. ఇంజన్లో? చిన్నప్పటి నుంచీ ఇంజన్ వైపు చూసి చెయ్యి ఊపుతున్నాను. లోపల నాకు తెలిసిన మొహం ఒక్కటీ కనపడలేదు, మొన్నమొన్నటి దాకా.

2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేశాక ఏజెన్సీలో టీచరు పోస్టుల మీద మన హక్కు ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఆ పోరాటం ఆగదు. అలాగని రైల్వేలో ఎస్టీలకున్న 7.5 శాతాన్ని చూడకుండా కూర్చోవడం కూడా తప్పే.

అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి పదో తరగతితో పాటు వాళ్ళు చెప్పిన ట్రేడులో ఐటీఐ ఉండాలి, లేదా ఇంజనీరింగ్ డిప్లొమా, డిగ్రీ. నేను బీఎస్సీ. నాకు అర్హత లేదు! ఇంట్లో అందరూ నన్ను చదువుకున్నోడని అంటారు, ఐటీఐకి పోయిన మా పిన్ని కొడుకుని మాత్రం "వాడికి చదువు అబ్బలేదు" అన్నారు. చివరికి ఇంజన్ ఎక్కింది వాడే.

వాడి కథే చెప్తాను. రాత పరీక్షలు రెండూ తెలుగులో రాశాడు, గట్టెక్కాడు. తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్ష. అది ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. అందులో ప్రతి భాగంలోనూ 42 స్కోరు రావాలి, ఏ కులానికీ సడలింపు లేదు. రాత పరీక్ష దాకా తెలుగులో నడిపించి అక్కడ చెయ్యి వదిలేస్తారు. మనలో చాలామందికి తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోదో నాలుగోదో. దీని మీద అర్జీ పెట్టాలి, పెడదాం. ఈలోగా ఆ ఇంగ్లిష్ సూచనల్ని ఇప్పటి నుంచే చదివి అలవాటు చేసుకోండి.

అదీ దాటి శిక్షణకి వెళ్ళాడు. అక్కడ సిగ్నళ్ళ మీద పెట్టిన మొదటి పరీక్ష తప్పాడు. రాత్రి ఫోన్ చేసి, "అన్నా, వచ్చేస్తాను, ఇది నా వల్ల కాదు" అన్నాడు. ఏం తప్పావురా అంటే, ఒక పసుపు దీపాన్ని 'కాషన్' అంటారు, రెండు పసుపుల్ని 'అటెన్షన్' అంటారు, రెండూ తారుమారు చేశాడు. తప్పు వాడిది కాదు. తెలుగులోకి తిప్పుకుంటే కాషన్ అన్నా జాగ్రత్తే, అటెన్షన్ అన్నా జాగ్రత్తే. రెండు దీపాలు కాబట్టి రెట్టింపు జాగ్రత్త అనుకున్నాడు, ఉన్నది దానికి తిరగబడి.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని పేర్లు పక్కన పెట్టేసి లెక్క పెట్టుకున్నాం. రెండు, ఒకటి, సున్నా. రెండు పసుపులు కనపడితే ముందు సిగ్నల్ని వేగం తగ్గించుకుని దాటడానికి సిద్ధంగా ఉండు. ఒక్క పసుపు కనపడితే ముందు సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు. సున్నా అంటే ఎరుపు, ఆగు. రెండు పసుపుల తర్వాత ప్రతిసారీ ఒక్క పసుపే రాదు. పక్క లైన్లోకి తిప్పుతున్నప్పుడు కూడా ముందు సిగ్నల్ రెండు పసుపులు చూపించొచ్చు. అందుకే లెక్కతో గుర్తుపెట్టుకో, అర్థంతో జవాబు రాయి అన్నాను.

తర్వాత వరస. స్టేషన్లోకి వచ్చే బండికి ముందు డిస్టంట్, తర్వాత హోమ్, బయల్దేరేటప్పుడు స్టార్టర్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ స్టార్టర్. డిస్టంట్ మీద ఎరుపు రాదు. అది ఆపే సిగ్నల్ కాదు, ముందేముందో చెప్పే సిగ్నల్. ఎందుకు పెట్టారు? ఖనిజం నింపిన గూడ్సుకి బ్రేకు వేస్తే అక్కడే ఆగదు. ఘాట్లో నిండు లోడుతో దిగే జీపుని చూశారుగా, దానికి కొన్ని వేల టన్నులు తగిలించి ఊహించుకోండి. అందుకే హోముకి కనీసం కిలోమీటరు ముందే కబురు అందాలి. దీపం అసలు వెలగకపోతే? దారి ఖాళీ అనుకోకూడదు. ఆ సిగ్నల్ చూపించగలిగిన వాటిలో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక ఏదో అదే ఉందనుకోవాలి.

మంచు సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. డిసెంబర్ పొద్దున అరకులో పక్కనున్న మనిషి కనపడడు. అలాంటప్పుడు స్టేషనుకి ముందొచ్చే సిగ్నల్‌కి 270 మీటర్ల ముందు, పది మీటర్ల ఎడంతో రెండు డిటొనేటర్లు పట్టాల మీద పెట్టడం పాత పద్ధతి. చక్రం కింద ఢాం అంటే సిగ్నల్ దగ్గరపడిందని అర్థం. కంటితో కుదరనప్పుడు చెవితో చదవడం అన్నమాట.

ఇప్పుడు బరువైన మాట. 2023 అక్టోబర్ 29, రాత్రి ఏడు గంటల వేళ. మన కొత్తవలసకి దగ్గర్లోనే, కంటకాపల్లి, అలమండ మధ్య. ముందు పలాస పాసింజర్, వెనక నుంచి రాయగడ పాసింజర్ వచ్చి గుద్దింది. 14 మంది చనిపోయారు. పనిచెయ్యని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళని నిబంధన పాటించకుండా దాటారని ప్రాథమిక విచారణలో రాశారు. ఆ ఇంజన్లో ఉన్న పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ చనిపోయినవాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళ వైపు మాట చెప్పడానికి వాళ్ళు లేరు. సిగ్నల్ ఎందుకు పాడైంది, సిబ్బందికి విశ్రాంతి ఎంత దొరుకుతోంది అని కూడా అడగాలి, లోకో పైలట్ల సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి. కానీ ఆ సీట్లో కూర్చోబోయే మీకు నిబంధన నిద్రలో లేపి అడిగినా రావాలి. ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపుంటే ఆగాలి. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు. ఆ తర్వాత కూడా, ముందు అడ్డం కనపడితే ఆపుకోగలిగేంత నెమ్మదిగా కదలాలి.

ఇంజన్లో ఇద్దరూ ప్రతి సిగ్నల్నీ పైకి పలకాలి. ఒకరు అంటే రెండోవాళ్ళు కూడా చూసి అనాలి. మా తమ్ముడికి ఇదే కష్టమైంది. బళ్ళో, హాస్టల్లో మనకి నోరు మూసుకుని కూర్చోవడం నేర్పారు, మన యాసకి నవ్వారు. వాడు సిగ్నల్ సరిగ్గానే చూసేవాడు, గొంతు పెగిలేది కాదు. రోజూ రాత్రి ఫోన్లో నేను పైలట్, వాడు అసిస్టెంట్. మా అమ్మ విసుక్కునేది, అర్ధరాత్రి ఈ ఎరుపు పసుపు గోలేంట్రా అని. రెండోసారి పరీక్ష పాసయ్యాడు.

చెల్లెళ్ళకి ఒక మాట. సతారా నుంచి వచ్చిన సురేఖా యాదవ్ గారు దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవర్ అయ్యారు. ఈ ఉద్యోగం ఆడపిల్లలది కాదని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

చివరగా, పుస్తకం కొనేముందు కళ్ళు చూపించుకోండి. దీనికి అద్దాలు లేకుండా రెండు కళ్ళకీ 6/6 ఉండాలి. లేసిక్ ఆపరేషన్ చేయించుకుంటే తీసుకోరు. రంగుల చుక్కల పుస్తకం చూపించి అందులో దాగిన అంకె చదవమంటారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం మగపిల్లల్లో ఎక్కువ, ఉన్నవాడికే తెలియదు. మా పక్క ఊరి కుర్రాడు రెండేళ్ళు చదివి అన్నీ దాటి అక్కడ ఆగిపోయాడు. వేరే పోస్టు కూడా ఇవ్వరు. ఇంటికొచ్చి నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముందే తెలిసుంటే ఆ రెండేళ్ళు ఇంకో పరీక్షకి చదివేవాడు.

ఎస్టీ సర్టిఫికెట్ కేంద్రం అడిగే నమూనాలో ఇప్పుడే తీసి పెట్టుకోండి, నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే దొరకదు. వచ్చే శుక్రవారం సంతకి ఎలాగూ దిగుతారు. పదింటికి అందరం కలిసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం. పేర్లు ఈ నోటుబుక్కులో రాయండి, ఊరి పేరు కూడా.