కోర్టే ఊరికి వచ్చింది

పట్టాలు అందుకున్న పిల్లలారా, వాళ్లను ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలారా,

మామిడి కాయల లారీలు బారులు తీరే ఈ బంగారుపాళ్యంలో నిలబడి అంతర్జాతీయ న్యాయం గురించి మాట్లాడాలి. కారంచేడుతో మొదలుపెడతాను.

1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరారు. అదే ఏడాది నవంబరు 29న ఐక్యరాజ్యసమితి, నేర బాధితులను గౌరవంగా చూడాలని, బెదిరింపుల నుంచి కాపాడాలని ప్రకటించింది. ఆ రెండు తేదీలూ నాకు ఎప్పుడూ కలిసే గుర్తొస్తాయి.

తర్వాత చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు పట్టుబట్టి అడిగిందేమిటో తెలుసా? కోర్టు మా ఊళ్లోనే పెట్టండి, మేం నమ్మే ప్లీడరునే ప్రాసిక్యూటరుగా ఇవ్వండి అని. కూలి మానుకుని, భయపడుతూ పట్నానికి తిరిగే సాక్షి ఎన్నాళ్లు నిలబడతాడు? 2004లో కోర్టు చుండూరుకే వచ్చింది. బి. చంద్రశేఖర్ ప్రాసిక్యూటరుగా వాదించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ఆ బాధ నాకింకా తగ్గలేదు. అయినా ఆ సాక్షులు తమ ఊళ్లోనే నిలబడి నోరు విప్పారన్నది చెరిగిపోదు.

సాక్షి భయం ఎక్కడైనా ఒకటే. 2009 జనవరిలో హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో తొలి విచారణ మొదలైంది. కాంగోలో పసితనంలోనే తుపాకీ పట్టించిన కుర్రాడు తొలి సాక్షి. ఎదురుగా నిందితుడు లుబాంగాను చూసి, చెప్పినమాట వెనక్కి తీసుకున్నాడు. రెండు వారాల తర్వాత, నిందితుడు కంటపడకుండా తెర కట్టాక, మళ్లీ చెప్పాడు. సాక్షులను కాపాడే బాధ్యతను, ఆ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనంలోని 68వ అధికరణం కోర్టు మీదే పెట్టింది.

ఆ శాసనం మీద భారత్ సంతకం చేయలేదు. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో 15ఎ సెక్షన్ చేరింది. నిందితుడి బెయిలు విచారణకు ముందు బాధితులకు కబురు చేయాలి. ప్రయాణ ఖర్చులు, రక్షణ, అవసరమైతే వేరేచోట నివాసం ఇవ్వాలి.

మీలో కొందరు రేపు లా చదువుతారు, కొందరు తహసీల్దారు ఆఫీసులోనో పోలీసుస్టేషన్లోనో కూర్చుంటారు. చిత్తూరు కోర్టు వరండాలో ఒక తల్లి బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటే, "అమ్మా, బస్సు చార్జీలు ఇచ్చినారా? బెయిలు సంగతి నీకు చెప్పినారా?" అని అడగండి. లేదని ఆమె చెబితే, అర్జీ మీరే రాసివ్వండి.