అభియోగం ఎవరిపైనైనా నియమం ఒక్కటే: అధ్యక్షుల అభిశంసన, పార్టీల తగవు



మనం ఈరోజు స్మరించుకుంటున్న మాస్టారు రాజనీతిశాస్త్రం బోధించినన్నాళ్లూ తరగతిలో ఒక పద్ధతి పాటించారు. ఏ వివాదమైనా సరే, విద్యార్థి ముందుగా తనకు నచ్చని పక్షం తరఫున వాదించాలి. సొంత అభిప్రాయం చెప్పే హక్కు ఆ తర్వాతే వస్తుంది. ఆ పద్ధతికి గట్టి పరీక్ష పెట్టే విషయాన్నే ఈనాటి ఉపన్యాసానికి ఎంచుకున్నాను. అమెరికాలో అధ్యక్షుడి అభిశంసన మొదలైనప్పుడల్లా విచారణ న్యాయంగా సాగడం లేదని ఒక పార్టీ ఆరోపిస్తుంది, సక్రమంగానే ఉందని రెండోది అంటుంది. అధ్యక్షుడి పార్టీ మారితే ఈ వాదనలూ చేతులు మారతాయి. అంతమాత్రాన వాటిలో నిజం లేదని కొట్టిపారేయవచ్చా? కూడదని చెప్పడానికే వచ్చాను.

1. రాజ్యాంగం చెప్పింది, చెప్పనిది

అమెరికా రాజ్యాంగం ఈ విషయంలో చాలా పొదుపుగా మాట్లాడింది. అభియోగం మోపే అధికారం ప్రతినిధుల సభది, విచారించే అధికారం సెనేట్‌ది. సెనేటర్లు ప్రమాణం చేసి కూర్చోవాలి. అధ్యక్షుణ్ణి విచారిస్తున్నప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి. హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతుల మంది దోషి అంటేనే పదవి పోతుంది. సాక్షులను పిలవాలా, నిందితుడి న్యాయవాదిని ఏ దశలో అనుమతించాలి, పత్రాలు ఇవ్వకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. వాటిని ఎప్పటికప్పుడు ఆయా సభల్లో మెజారిటీ తేల్చుకుంటుంది. తగవంతా ఆ ఖాళీలోనే పుట్టింది.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ ప్రమాదం తెలియక కాదు. 1787లో ఫిలడెల్ఫియా సమావేశంలో జార్జ్ మేసన్ పాలనా వైఫల్యాన్ని కూడా అభిశంసనకు కారణంగా చేర్చమన్నారు. అంత అస్పష్టమైన మాట పెడితే అధ్యక్షుడు సెనేట్ దయ ఉన్నన్నాళ్లే పదవిలో ఉంటాడని జేమ్స్ మాడిసన్ అడ్డుచెప్పారు. ఆ మాట తీసేసి ఘోర నేరాలు, దుష్ప్రవర్తనలు అని రాసుకున్నారు. మరుసటి ఏడాది అలెగ్జాండర్ హామిల్టన్ ఫెడరలిస్ట్ పత్రాల్లో 65వ వ్యాసంలో ఇంకా సూటిగా హెచ్చరించారు: ఇలాంటి విచారణల్లో నిందితుడి దోషం కంటే పార్టీల బలాబలాలే ఫలితాన్ని నిర్ణయించే ప్రమాదం ఎక్కువ అని.

2. తొందరపాటు, ఓపిక

1868లో ఆ హెచ్చరిక నిజమైంది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఫిబ్రవరి 21న యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను తొలగించారు. మూడు రోజులు తిరగకుండానే ప్రతినిధుల సభ 126-47 ఓట్లతో ఆయనను అభిశంసించింది. అభియోగాలను వివరంగా రాసి ఆమోదించింది ఆ తర్వాత! జాన్సన్ తప్పుకుంటే అధ్యక్షుడయ్యే బెంజమిన్ వేడ్ సెనేటర్‌గా కూర్చుని దోషి అని ఓటేశారు. జాన్సన్ అల్లుడు డేవిడ్ ప్యాటర్సన్ కూడా సెనేటరే. ఆయన నిర్దోషి అని ఓటేశారు. ఏ మామూలు కోర్టులోనూ ఈ ఇద్దరినీ తీర్పు చెప్పనివ్వరు. చివరికి 35-19తో, ఒక్క ఓటు తక్కువై, జాన్సన్ బయటపడ్డారు. ఏడుగురు రిపబ్లికన్లు సొంత పార్టీకి ఎదురు నిలిచారు. విముక్తి పొందిన నల్లజాతి ప్రజల హక్కులకు జాన్సన్ అడ్డుపడ్డారన్న అసలు నేరారోపణ బలమైనదే. కానీ ఆ ఆరోపణను పక్కనబెట్టి, అధికారుల తొలగింపును కట్టడి చేసిన పదవీకాల చట్టం అనే ఇరుకైన సందులోంచి కేసును నడిపించడంతో విచారణ పలుచనైపోయింది.

1974లో దీనికి పూర్తిగా భిన్నంగా జరిగింది. ఫిబ్రవరి 6న ప్రతినిధుల సభ 410-4 ఓట్లతో, వాటర్‌గేట్ వ్యవహారంలో రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్‌పై విచారణకు అధికారమిచ్చింది. పీటర్ రోడినో నాయకత్వంలోని న్యాయ కమిటీ నెలల తరబడి సాక్ష్యాలు సేకరించింది. నిక్సన్ న్యాయవాది జేమ్స్ సెయింట్ క్లెయిర్‌ను కమిటీ గదిలో కూర్చోనిచ్చింది. జులై 27న మొదటి అభియోగం 27-11తో ఆమోదం పొందింది. అనుకూల ఓట్లలో ఆరు రిపబ్లికన్లవి. సుప్రీంకోర్టు 8-0 తీర్పుతో వైట్‌హౌస్ సంభాషణల టేపులు బయటకు వచ్చాక సొంత పార్టీ మద్దతు కూడా కూలిపోయింది. ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా అమల్లోకి వచ్చింది. టేపులు లేకపోతే ఇంత జరిగేది కాదన్నది నిజమే. అయినా ఆ టేపులు వచ్చేనాటికి వాటిని నమ్మడానికి అవతలి పార్టీ మనసు సిద్ధమై ఉంది. దాన్ని సిద్ధం చేసింది ఆ ఓపికైన విచారణే.

3. అద్దంలో ఎదురెదురుగా

ఇక 1999, 2020 సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ విచారణలో ముగ్గురు సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవాలా అని 1999 జనవరి 27న సెనేట్ ఓటేసింది. 55 మంది రిపబ్లికన్లూ కావాలన్నారు. 45 మంది డెమొక్రాట్లలో రసెల్ ఫైన్‌గోల్డ్ తప్ప మిగతా 44 మందీ వద్దన్నారు. 2020 జనవరి 31న రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ విచారణలో సాక్షుల ప్రస్తావన మళ్లీ వచ్చింది. డెమొక్రాట్లందరూ కావాలన్నారు. 53 మంది రిపబ్లికన్లలో మిట్ రామ్నీ, సూసన్ కాలిన్స్ తప్ప 51 మందీ వద్దన్నారు. తీర్మానం 49-51తో వీగిపోయింది. రెండు ఓటింగుల్లోనూ పాల్గొన్న మిచ్ మెక్‌కానెల్, చక్ షుమర్ ఇద్దరూ తమ తమ పూర్వపు వైఖరికి సరిగ్గా ఎదురువైపు నిలిచారు.

రెండు కేసులూ ఒకటి కావన్న వాదనలో బలముంది. క్లింటన్ కేసులో స్వతంత్ర దర్యాప్తు అధికారి కెన్నెత్ స్టార్ దర్యాప్తు అప్పటికే సాక్షుల ప్రమాణ వాంగ్మూలాలను నమోదు చేసింది. ట్రంప్ కేసులో మాజీ జాతీయ భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ లాంటి కీలక వ్యక్తి ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు. ఈ తేడా గట్టిదే. కానీ పార్టీ గీత మీద అంత కచ్చితంగా ఓట్లు చీలాయంటే, ఆ తేడాను తూచి ఓటేసినవారు ఎందరో మనమే ఆలోచించుకోవాలి.

2019 శరత్కాలంలో ట్రంప్‌పై ప్రతినిధుల సభ జరిపిన విచారణ మీద వచ్చిన ఫిర్యాదులను ఒక్కొక్కటిగా విందాం. సెప్టెంబర్ 24న స్పీకర్ నాన్సీ పెలోసీ విచారణ ప్రకటించినప్పుడు సభలో ఓటింగ్ జరగలేదని రిపబ్లికన్లు అన్నారు. రాజ్యాంగం ఆ ఓటు అడగదు. అయినా 1974లో, 1998లో అది జరిగింది. నా దృష్టిలో ఇది న్యాయమైన ఫిర్యాదు. అక్టోబర్ 31న 232-196తో ఓటు వేసేనాటికి అపనమ్మకం గట్టిపడిపోయింది. ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటేయలేదు. మూసిన గదుల్లో సాక్షులను ప్రశ్నించారన్నది రెండో ఫిర్యాదు. దీనిలో సగమే నిజం. ఆ కమిటీల్లోని రిపబ్లికన్ సభ్యులు ఆ గదుల్లోనే ఉన్నారు, ప్రశ్నలూ అడిగారు. ఆ వాంగ్మూలాలు తర్వాత ప్రచురితమయ్యాయి. అధ్యక్షుడి న్యాయవాదికి మాత్రం ఆ గదుల్లో చోటు దక్కలేదు. న్యాయ కమిటీ దశలో పిలిస్తే వైట్‌హౌస్ రాలేదు. పత్రాలు ఇవ్వకుండా, అధికారులను రావద్దని ఆదేశించి, సాక్ష్యం చాలదని వాదించడం ఏ నిందితుడికీ తగదు. ఇది డెమొక్రాట్ల ఫిర్యాదు, ఇదీ న్యాయమైనదే. ఉక్రెయిన్‌కు ఇవ్వాల్సిన దాదాపు 40 కోట్ల డాలర్ల సైనిక సాయాన్ని ట్రంప్ ఎందుకు ఆపారన్న అసలు ప్రశ్న ఈ తగవు కింద నలిగిపోయింది. 2020 ఫిబ్రవరి 5న సెనేట్ 52-48, 53-47 ఓట్లతో ట్రంప్‌ను నిర్దోషిగా ప్రకటించింది. రామ్నీ ఒక్కరే సొంత పార్టీ అధ్యక్షుణ్ణి, అదీ మొదటి అభియోగంలో, దోషి అన్నారు.

2021లో కాపిటల్ భవనంపై దాడి జరిగిన వారానికే, కమిటీ విచారణ లేకుండానే, ట్రంప్‌పై రెండో అభిశంసన వచ్చింది. పది మంది రిపబ్లికన్లు కలిసొచ్చారు. సెనేట్‌లో 57-43, ఏడుగురు రిపబ్లికన్లు దోషి అన్నా మూడింట రెండు వంతులు రాలేదు. నిర్దోషి అన్నవారిలో పలువురు, పదవి దిగిపోయిన వ్యక్తిని విచారించే అధికారం సెనేట్‌కు లేదన్న వాదన వెనుక నిలబడ్డారు.

4. మన రాజ్యాంగం, మన అనుభవం

రాష్ట్రపతి అభిశంసనపై మన 61వ అధికరణం ఈ ఖాళీలను కొంత పూడ్చింది. 14 రోజుల ముందు నోటీసు, సభలో నాలుగో వంతు సభ్యుల సంతకాలు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఆమోదం ఉండాలి. ఒక సభ అభియోగం మోపితే రెండో సభ విచారిస్తుంది. రాష్ట్రపతి స్వయంగానో న్యాయవాది ద్వారానో వాదన వినిపించుకోవచ్చు. నిందితుడి హక్కును ఇలా ముందే రాసిపెట్టడం గొప్ప విషయం.

అయితే నియమం ఒక్కటే చాలదని మనకూ అనుభవమైంది. రాష్ట్రపతి కాకపోయినా, సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. రామస్వామి తొలగింపు విషయంలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప రెడ్డి సభ్యుడిగా ఉన్న ముగ్గురి కమిటీ చట్టప్రకారం విచారించి, 14 అభియోగాల్లో 11 రుజువయ్యాయని తేల్చింది. 1993 మేలో లోక్‌సభలో 196 మంది తొలగింపుకు ఓటేశారు. వ్యతిరేకంగా ఒక్కరూ ఓటేయలేదు. పాలక కాంగ్రెస్ సహా 205 మంది ఓటింగ్‌కు దూరంగా ఉండటంతో తీర్మానం వీగిపోయింది. రుజువైన విషయాన్ని మౌనంతో ఓడించారు.

5. ఏం చేయాలి?

మూడింట రెండు వంతుల నిబంధన అర్థం ఒక్కటే: సాధారణంగా ప్రత్యర్థి పార్టీలో కొందరిని ఒప్పించకుండా అధ్యక్షుణ్ణి దించలేరు. కాబట్టి న్యాయమైన విచారణ అభియోగం మోపేవారికే ఎక్కువ అవసరం. తొందరపడి ప్రత్యర్థి చేతికి సాకు అందించిన మెజారిటీ తన కేసును తానే బలహీనపరుచుకుంటుంది. అలాగే పద్ధతి గురించి మాత్రమే మాట్లాడి వాస్తవాల జోలికి పోని మైనారిటీ తన ప్రమాణాన్ని తానే తప్పుతుంది.

మూడు నియమాలను ఏ అభియోగమూ లేని ప్రశాంత కాలంలో రాసుకోవాలి. ఒకటి, విచారణ పూర్తి సభ ఓటుతోనే మొదలుకావాలి. నిందితుడి న్యాయవాదికి మొదటి సాక్షి నుంచే చోటుండాలి. రెండు, ఇరుపక్షాలకూ కొందరు సాక్షులను పిలుచుకునే హక్కు మెజారిటీ అనుమతితో పనిలేకుండా ఉండాలి. మూడు, పత్రాలపై తగవు వస్తే కోర్టు గడువులోగా తేల్చాలి. రమ్మన్నా రానివారికి, వినలేదని ఫిర్యాదు చేసే హక్కు పోవాలి. ఈ రాతపని ఎవరు నిందితుడో తెలియకముందే జరగాలి. తెలిశాక రాసిన నియమాన్ని అవతలివాళ్లు ఎన్నటికీ నమ్మరు.

విద్యార్థులారా, అమెరికాలో పౌరులై అక్కడ ఓటేస్తున్న మన తెలుగు బిడ్డలారా! మీకు నచ్చిన నాయకుడి విచారణలో ఏది అన్యాయమని అంటారో, నచ్చని నాయకుడి విచారణలోనూ అదే అన్యాయమని బయటికి చెప్పండి. 1868లో ఏడుగురు, 1974లో ఆరుగురు, 1999లో ఒక్కరు ఆ పని చేశారు. ఆ లెక్క పెరగడమే ప్రజాస్వామ్యానికి రక్ష.