నడుం మీద బిందె, వీపున సంచి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి మాట్లాడమన్నప్పుడు ఏం మాట్లాడాలో కూడా వాళ్లే చెప్పారు. "నీ ఉద్యోగం గురించి చెప్పప్పా, పిల్లోళ్లకు ఉత్సాహంగా ఉంటాది" అన్నారు. నా ఉద్యోగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నేను సివిల్ ఇంజనీరును. స్తంభాలు, దూలాలు, వాటి మీద పడే బరువులు, ముప్పై ఏళ్లుగా ఇదే లెక్క. ఆ లెక్కనే ఈరోజు మన నడుముకు వేసి చూపిస్తాను. పొద్దున్నుంచీ గమనిస్తున్నా, మా బ్యాచ్‌లో సగం మంది కుర్చీలోంచి లేచేటప్పుడు ఒక చెయ్యి నడుం మీద పెట్టుకునే లేస్తున్నారు. ఈ సబ్జెక్టు ఎందుకు ఎంచుకున్నానో వేరే చెప్పనక్కర్లేదు.

స్తంభం నట్టనడుమ బరువు పెట్టండి, చాలా మోస్తుంది. అదే బరువును జానెడు పక్కకు జరిపి అంచున పెట్టండి. ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క సాగుతుంది, స్తంభం వంగడం మొదలుపెడుతుంది. బరువు పెరగలేదు, జరిగిందంతే. మన వెన్నుపూస కూడా అలాంటి స్తంభమే. కాకపోతే ఒకే రాయి కాదు, పూసల మధ్య మెత్తటి డిస్కులు పెట్టి పేర్చిన స్తంభం. దాన్ని పడిపోకుండా వెనకనుంచి కండరాలు లాగి పట్టుకుంటాయి. ఈ కండరాలు డిస్కు మధ్యభాగానికి సుమారు 5 సెంటీమీటర్ల వెనక ఉంటాయి. మీరు 10 కిలోల బరువును ఒంటికి 50 సెంటీమీటర్ల ముందు చేతుల్లో పట్టుకున్నారనుకోండి. దాన్ని నిలబెట్టడానికి ఆ కండరాలు పది రెట్లు, అంటే సుమారు 100 కిలోల బలంతో లాగాలి. ఆ లాగుడంతా పోయి పడేది డిస్కు మీదే. ఎనిమిదో తరగతిలో తులాదండం పాఠం విన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సంత తక్కెడలోనూ ఇదే సూత్రం.

ఇది కాగితం మీది లెక్క అంటారేమో. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం వాళ్లు నిజంగానే కొలిచారు. ఒక మనిషి నడుములోని డిస్కులోకి సన్నటి ఒత్తిడి మీటరు పెట్టి, అతను నిలబడ్డప్పుడు, వంగినప్పుడు, 20 కిలోల బరువు ఎత్తినప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో రాసుకున్నారు. 1999లో అచ్చువేశారు. ఒక్క మనిషి మీద చేసిన కొలతలే అవి, అందరికీ అచ్చంగా అవే అంకెలు రావు. అయినా ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. ఊరికే నిలబడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోలు. మన కారు టైరులో గాలి 2 కిలోల చిల్లర, లారీ టైరులో 8 దాకా ఉంటుంది. ఆ 20 కిలోలను ఎదకు ఆనించి పట్టుకుంటే 11. అదే బరువును ఎదకు 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 18. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి కిందనుంచి ఎత్తితే 17. వీపు విల్లులా వంచి ఎత్తితే 23. అంటే లారీ టైరుకు దాదాపు మూడింతలు.

20 కిలోలే ఎందుకు తీసుకున్నారో నాకు తెలీదుగానీ, మనకు మాత్రం బాగా కలిసొచ్చింది. ప్రతి ఇంట్లో ఇప్పుడు ప్లాంటు నుంచి వచ్చే నీళ్ల క్యాను 20 లీటర్లు. నీళ్లు 20 కిలోలు, క్యాను బరువు అదనం. దాన్ని మనం ఎలా ఎత్తుతాం? కాళ్లు కర్రల్లా నిలబెట్టి, నడుం వంచి, మెడ దగ్గర ఒంటిచేత్తో పట్టి, ఒక్క గుంజు గుంజి, పక్కకు తిరిగి స్టాండు మీద బోర్లిస్తాం. వంగడం, మెలితిరగడం, గుంజడం మూడూ ఒకేసారి. డిస్కుకు అన్నిటికంటే గిట్టనిది ఈ మూడూ కలవడమే. గ్యాస్ సిలిండరు ఇంకా ఎక్కువ, గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 దాకా. దాన్ని ఎత్తకుండా వాలుగా వంచి అంచు మీద దొర్లించే ఆ కుర్రాళ్లను చూసి మనం నేర్చుకోవాలి. రోజుకు అన్ని సిలిండర్లు దించేవాళ్లు అవసరం లేనిదే ఒక్కటీ ఎత్తరు.

ఇక బిందె. ఇది మన ఊరి సంగతి కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. అంత దగ్గర మంత్రాలయంలో తుంగభద్ర పారుతున్నా మన పల్లెల్లో ఎండాకాలం వస్తే బిందెల వరుస తప్పదు. 15 లీటర్ల బిందె నడుం మీద పెడితే ఒక పక్కే 15 కిలోలు. ఒళ్లు రెండోపక్కకు ఒరగాలి, లేకపోతే పడిపోతాం. అంచున బరువు పెట్టిన స్తంభం అంటే ఇదే. పైగా మన ఆడోళ్లు ఎప్పుడూ ఒకే పక్క పెడతారు. చంటిబిడ్డ ఉంటే వాడు కూడా అలవాటైన ఆ చంకలోనే. ఇరవై ఏళ్లు అదే పక్క, అదే ఒరుగుడు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పగలు నిలబడి తిరిగేకొద్దీ ఆ నీళ్లు తగ్గుతాయి. అందుకే పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి సెంటీమీటరుకు పైనే తగ్గుతుంది. నమ్మకపోతే పిల్లలు గోడకు గీతలు గీసి చూసుకోవచ్చు, మంచి సైన్సు ప్రాజెక్టు. ఉబ్బిన డిస్కు వంగితే ఎక్కువ బిగుసుకుంటుంది. కాబట్టి లేచీ లేవగానే వంగి బరువులెత్తడం మంచిది కాదని నిపుణులు చెబుతారు. మన కుళాయి ఎప్పుడొస్తుంది? కోడి కూయకముందే. నిద్ర కళ్లతో లేచి, వంగి, నిండు బిందె ఎత్తడమే ఆ తల్లి ఆరోజు చేసే మొదటి పని. "పది నిమిషాలు తిరిగి, ఒళ్లు సాగాక ఎత్తమ్మా" అని నేను చెబితే, ఆమె "నీళ్లు పోతాయి గదప్పా" అంటుంది. ఆమె మాటే నిజం. ఇక్కడ మార్చాల్సింది ఆమె అలవాటును కాదు, నీళ్లొచ్చే వేళను. కుదరనప్పుడు చేయగలిగింది ఒక్కటే, పెద్ద బిందె ఒకటి బదులు రెండు చిన్న బిందెలు రెండు చేతులా. మా తాతల కావడి చేసింది ఇదే. కావడి మోసేవాడి భుజం కాయకాస్తుందేమోగానీ బరువు అటూ ఇటూ సమానం.

తల మీద మోయడం చాలా మందికి నామోషీ అయిపోయింది. ఇంజనీరుగా చూస్తే బరువు స్తంభం మీద నేరుగా పడుతుంది, ఒరుగుడు లేదు. కెన్యాలో లువో తెగ ఆడవాళ్లు తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా తలమీద పెట్టుకున్నా నడకలో అదనపు శక్తి ఖర్చు కావడం లేదని 1986లో శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. మన అవ్వలు గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని, చేతులు వదిలేసి, మాట్లాడుకుంటూ నడిచిన నడక గుర్తుందా? అలాగని అదే మంచిదని ఇంటికెళ్లి మొదలుపెట్టకండి. అది చిన్నప్పటి నుంచి అలవాటైన నడక, బరువు పెరిగితే మెడ పూసలు ఊరుకోవు.

ఇప్పుడు చెప్పేది ఈ సభలో చాలా మంది ఇళ్లలో జరిగిందే. సుగ్గి. మన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల నుంచి ఏటా గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు, బెంగళూరుకు బిల్డింగు పనులకు బండ్లెక్కి పోతారు. మనతో చదివినవాళ్లలో ఎంతమంది సుగ్గికి పోయి మళ్లీ బడికి రాలేదో హాజరు పట్టీలకు తెలుసు. పత్తి తీసే మనిషి నడుముకు ముందువైపు ఒడి కట్టుకుంటుంది. కిలో లెక్కన కూలీ. కుప్ప దగ్గరికి పదిసార్లు పోతే పొద్దు పోతుందని ఒడి నిండేదాకా తీస్తుంది. నిండేకొద్దీ అది కడుపు ముందు వేలాడుతుంది, తులాదండంలో చేయి పొడవు పెరుగుతుంది, వంగి ఉన్న నడుం దాన్ని గంటలకొద్దీ పట్టుకోవాలి. ఆ ఒడిని రెండు భుజాల మీంచి పట్టీలు వేసి, రెండు పక్కలకు జేబుల్లా కుట్టిస్తే, సగం నిండగానే కుమ్మరిస్తే నడుముకు చాలా తేడా. కుట్టడానికి టైలరు చాలు, ఇంజనీరు అక్కర్లేదు. బెంగళూరు సైట్లలో మన వైపు మాట వినపడగానే ఎవరప్పా అని చూస్తాను. కాంక్రీటు బాండ్లి నెత్తిన పెట్టుకుని నాలుగో అంతస్తుకు ఎక్కుతున్న ఒకామెను "ఏ ఊరు తల్లీ" అంటే కోసిగి పక్కనే అంది. వయసు అడిగితే ముప్పై అయిదు. నడక చూస్తే అరవై. లిఫ్టు గిలకకు అయ్యే ఖర్చు కంటే మనిషి చవక అనుకునేవాళ్లున్నంత కాలం ఆమెకు నేను వంగే పద్ధతి నేర్పి ఏం లాభం?

బస్తా సంగతీ అంతే. మోకాళ్లు ఎలా వంచినా 50 కిలోల సిమెంటు బస్తా 50 కిలోలే. పక్కాగా అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే 23 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూత్రం చెబుతుంది. మన దగ్గర యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు దిగింది. హమాలీల నడుముల మీద జాలితో కాదులెండి, రైతులు యూరియా తక్కువ చల్లాలని. ఏదైతేనేం, ఐదు కిలోలు తగ్గింది.

బడిసంచికి వస్తాను. 1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల సంచుల బరువు గురించే మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ బరువులేని చదువు కావాలంది. 2020లో కేంద్రం బడిసంచి విధానం తెచ్చింది, సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని. ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. పిల్లల నడుం నొప్పికి సంచే కారణమని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. అందువల్ల సంచిని చూసి భయపడొద్దు. కానీ బరువైతే పిల్లలు ముందుకు వంగి నడుస్తారు, ఒంటి పట్టీ మీద వేలాడేస్తే ఒక పక్కకు ఒరుగుతారు, ఇవి కళ్లకు కనపడేవే. పెద్ద పుస్తకాలు వీపుకు ఆని ఉండాలి, రెండు పట్టీలూ వేసుకోవాలి, సంచి నడుం కిందికి జారకూడదు. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోల లెక్క అయితే అందులో లీటరు నీళ్ల బాటిలే ఒక కిలో. బరువులో మూడో వంతు నీళ్లే!

మా వయసువాళ్లకు ఒక్క మాట. వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకుని బండి మీద అదోని దాకా పోయి, కాలు లాగుతోందనేవాళ్లు పర్సు ముందు జేబులోకి మార్చి చూడండి. అమెరికా డాక్టర్లు 1970ల్లోనే దీని గురించి రాశారు. నడుం పట్టేస్తే మంచానికి అంటుకుపోవడం కంటే ఓర్చుకోగలిగినంత తిరగడం మేలు, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం ఆలస్యం చేయకండి, ఆరోజే డాక్టరు దగ్గరికి పోవాలి. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి వైద్యం జోలికి ఇంతకంటే పోను.

ఈ స్వర్ణోత్సవానికి పోగైన డబ్బుతో ఏం చేయాలని పొద్దున చర్చ జరిగింది. ముఖద్వారానికి ఆర్చి కట్టాలన్నారు కొందరు. ఆర్చి డిజైను చేయమంటే ఉచితంగా చేస్తాను, నాకేం అభ్యంతరం లేదు. కానీ దానికి ముందు మూడు పనులు చూడమని అడుగుతున్నా. బడి ఆవరణలో తాగునీటి కుళాయిలు ఏడాది పొడవునా పనిచేసేలా, పాడైతే వారంలో బాగుచేయించేలా ఒక నిధి, అప్పుడు పిల్లలు బాటిల్ ఖాళీగా తెచ్చుకోవచ్చు. తరగతికొక అర, పెద్ద పుస్తకాలు బళ్లోనే పెట్టి పోవడానికి. ఇంకా, సుగ్గికాలంలో అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకునే సీజనల్ హాస్టలుకు మనవైపు నుంచి ఏం తక్కువైతే అది. పన్నెండేళ్ల పిల్ల పత్తి ఒడి కట్టుకోకుండా ఉండాలంటే ఆ పిల్లకు ఇక్కడ రెండు పూటలా అన్నం, పడుకోను చోటు ఉండాలి. మొదటి రెండింటికీ అంచనా వేసి తెచ్చాను, నాలుగు కాగితాలు. భోజనాలయ్యాక స్టాఫ్ రూములో కూర్చుందాం. హాస్టలు లెక్క మాత్రం సార్లే చెప్పాలి, ఏ నెలలో ఎంతమంది పిల్లలు పోతారో వాళ్లకే తెలుసు.