సొంత బండి డ్రైవరు: యజమానా, కార్మికుడా?

(ఢిల్లీ బేర్ సరాయ్‌లో తెలుగు రవాణా కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గది చిన్నది. వెనుక నిలబడిన మిత్రులు ముందుకు వచ్చి చాపల మీద కూర్చోవలసిందిగా కోరుతున్నాము. రాత్రి కిరాయి వున్నవారు మధ్యలో లేచి వెళ్ళినా మేము ఏమీ అనుకోము. మీ కిస్తీ మా ఉపన్యాసం కోసం ఆగదు.

మనం కూర్చున్న ఈ పేట పేరు బేర్ సరాయ్. దాపునే జియా సరాయ్, కట్వారియా సరాయ్ వున్నవి. సరాయ్ అనగా బాటసారుల సత్రం. నేడు ఇక్కడ బస చేసేది ఎక్కువగా విద్యార్థులు. ఒక పక్క జెఎన్‌యు పాత ప్రాంగణం, మరికొంత దూరంలో ఐఐటి. పోటీ పరీక్షల పుస్తకాల కోసం ఈ వీధులను వెతుక్కుంటూ వచ్చేవారిలో మన తెలుగు పిల్లలు ఎందరో వున్నారు. ఆ పుస్తకాల కట్టలు దుకాణం మెట్ల దాకా ఎట్లా వచ్చినవి? విద్యార్థి గది మారినప్పుడు మంచం, బల్ల, కూలరు ఎవరి బండిలో ఎక్కినవి? లోపలికి వచ్చేటప్పుడు సందు మొదట వరుసగా నిలిచిన డీజిల్ పికప్ బండ్లను మీరు చూసే వుంటారు. ఈనాటి మన చర్చ ఆ బండ్లను గూర్చీ, వాటిని నడిపేవారిని గూర్చీ.

ప్రశ్న సూటిగా చెబుతాము. ఒకే ఒక్క బండి కొనుక్కుని, దానిని తానే నడుపుకునే మనిషిని మన సంఘంలో సభ్యునిగా చేర్చుకోవాలా, వద్దా? మన కార్యకర్తలలో కొందరు వద్దంటున్నారు. బండి సొంతమైనవాడు యజమానే, యజమానిని కార్మిక సంఘంలో చేర్చుకుంటే రేపు మన పరిస్థితి ఏమిటని వారి వాదన. ఈ వాదనను తేలికగా తీసిపారేయడానికి వీలులేదు. మేము స్వయంగా ఒకప్పుడు ఆ మాటే అన్నవారము. చాలా సంవత్సరాల క్రితం ఒక పికప్ డ్రైవరు మా కార్యాలయానికి వచ్చి, “మాస్టారూ, నన్ను చేర్చుకోండి” అని అడిగాడు. బండి నీ పేర వున్నది గనుక యజమానుల సంఘానికి వెళ్ళమన్నాము. అతడు వెళ్ళాడు. పది లారీలు, ఇరవై లారీలు వున్నవారు అక్కడ కుర్చీలలో కూర్చుని వున్నారు. ఒక్క బండి వానికి ఇక్కడేమి పని అన్నారట. తిరిగి వచ్చి మా గుమ్మంలోనే నిలబడి, “ఇంతకూ నేను ఎవరిని, మాస్టారూ?” అన్నాడు. ఆనాడు మేము జవాబు చెప్పలేదు. నేడు చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ముందు లెక్క చూద్దాం. నిన్న సాయంత్రం కొందరు డ్రైవర్లతో కలసి కూర్చుని, కాగితం మీద వేసిన లెక్క ఇది. అందరికీ ఇదే వర్తిస్తుందని అనము. ఒక రోజు మూడు కిరాయిలు దొరికినవనుకుందాం. ఒక్కొక్కటి 900 రూపాయలు, మొత్తం 2,700. తొంభై కిలోమీటర్లు తిరిగాడు. నిండు బరువుతో, ఆగి ఆగి నడిచే ఊరి రోడ్లపై లీటరుకు పది కిలోమీటర్లు వస్తే తొమ్మిది లీటర్లు. లీటరు 90 రూపాయలుగా లెక్కిస్తే 810. నెలకు 15,000 కిస్తీ. పాతిక పని దినాలకు పంచితే రోజుకు 600. హెల్పరుకు 500. టైర్లు, సర్వీసు, బీమా, పన్ను, ఫిట్‌నెస్ కొరకు రోజుకు 300 పక్కన పెట్టవలసినదే. పెట్టనివాడు ఆ నెల వచ్చినప్పుడు అప్పు చేస్తాడు. పార్కింగు, టీ, చిల్లర దారి ఖర్చులు 60. మిగిలినది 430 రూపాయలు. పాతిక రోజులకు 10,750. ఇది బండి “యజమాని” సంపాదన. ఢిల్లీలో 2025 ఏప్రిల్ నుండి నైపుణ్యంగల కార్మికునికి ప్రకటించిన కనీస వేతనం నెలకు 22,411 రూపాయలు. అందులో సగం కూడా ఇతనికి రాలేదు. బండి చెడి రెండు రోజులు మెకానిక్కు వద్ద నిలిచిపోతే ఈ 10,750 కూడా లేదు.

కిస్తీ తీరిన తరువాత బండి మిగులుతుంది కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. సరియైన ప్రశ్న. ఐదేళ్ళు కిస్తీ కట్టిన తరువాత రోజుకు ఆ 600 చేతికి వస్తుంది. అప్పుడు నెలకు 25,750 అవుతుంది. అనగా బండి కొన్నవానికి నిజమైన ఫలితం ఆరవ సంవత్సరం నుండి మొదలవుతుంది. మొదటి ఐదేళ్ళు అతడు ఫైనాన్సు కంపెనీ కొరకు నడుపుతాడు, తరువాతి సంవత్సరాలు తన పిల్లల కొరకు నడుపుతాడు. ఇది గుర్తుంచుకుని ఢిల్లీ సంగతి వినండి.

2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీలోను, చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలోను తిరగరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2018 అక్టోబరులో సుప్రీం కోర్టు దానిని బలపరిచింది. పెట్రోలు బండికి పదిహేనేళ్ళు, డీజిలు బండికి పదేళ్ళు. 2025 జులై 1 నుండి కాలం తీరిన బండికి బంకులో డీజిలు పోయరాదని ఆజ్ఞ వచ్చింది. నెంబరు పలకను పట్టే కెమెరాలు పెట్టారు. పెద్ద కార్లవారు గగ్గోలు పెట్టగా కొద్ది రోజులలోనే దానిని నిలిపివేశారు. ఆగస్టు 12న సుప్రీం కోర్టు వయస్సు ఒక్కటే కారణంగా బలవంతపు చర్యలు తీసుకోవద్దన్నది. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్. 4, ఆ పై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది.

ఈ పదేళ్ళలో చిన్న బండి వానికి జరిగినదేమిటి? కొత్తగా కొన్నవానికి ఫలితం దక్కే కాలం ఐదేళ్ళకు కుదించుకుపోయింది. సెకండు హ్యాండు కొన్నవాని గతి ఇంకా అన్యాయం. ఆరేళ్ళ బండిని నాలుగేళ్ళ కిస్తీపై కొంటే, కిస్తీ తీరిన నెలే బండి కాలమూ తీరుతుంది. మేమెరిగిన ఒక సోదరుడు 2014 నాటి పికప్‌ను ఇట్లాగే కొని, గడువు ముగియగానే నిరభ్యంతర పత్రం తీసుకుని వేరే రాష్ట్రంలో వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. ఆ బండి అక్కడ నేటికీ పొగ వదులుతూనే వుంటుంది. ఢిల్లీ గాలి కొంత బాగుపడి వుండవచ్చు. ఆ రాష్ట్రపు గాలికి ఎవరు జవాబుదారి?

అయితే ఒక మాట దాపరికం లేకుండా చెప్పాలి. పొగ మన సమస్య కాదని మేము అనము. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ డీజిల్ పొగను మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చింది. సిగ్నలు వద్ద కిటికీ అద్దం దించుకుని ముందు లారీ గొట్టానికి ఎదురుగా పది పన్నెండు గంటలు కూర్చునేది ఎవరు? మనమే. 2025 అక్టోబరు నుండి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లలో ఏ.సి. తప్పనిసరి చేశారు. మూడున్నర టన్నుల లోపు బండికి ఆ నిబంధన వర్తించదు. పికప్ డ్రైవరుకు వేడి తక్కువగా తగులుతుందని తలచారేమో!

బి.ఎస్. 6 బండ్లలో పొగ గొట్టంలో మసిని పట్టే వడపోత వున్నది. అది మంచిదే. కానీ ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు వేగంగా, వేడిగా నడవాలి. ఈ సందులలో రెండవ గేరు దాటని బండికి అది ఎట్లా సాధ్యం? వడపోత మూసుకుపోతుంది, ముందు పలకపై దీపం వెలుగుతుంది, ఇంజను బలం తగ్గుతుంది, షోరూముకు పరుగు తీయాలి. అందుచేతనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు వారానికొకసారి బండిని పెద్ద రోడ్డు మీద ఒక అరగంట ఆపకుండా నడిపి వస్తున్నారు. డీజిలు తమ డబ్బు, శుభ్రమయ్యేది అందరి గాలి. దీనిని ఎవరూ లెక్కలో వేయరు.

కనుక మనం కోరవలసినది పాత పొగ బండిని శాశ్వతంగా నడపనివ్వమని కాదు. వయస్సును కాక పొగను కొలవమనాలి. బండి మార్చమన్నప్పుడు మార్చే ఖర్చులో ప్రజా ఖజానా వాటా ఎంతో చెప్పమనాలి. పాత బండిని తుక్కుకిచ్చి కొత్తది కొన్నవారికి కేంద్రం నిర్ణయించిన రోడ్డు పన్ను రాయితీ చూడండి: సొంత కారుకు 25 శాతం వరకు, కిరాయి బండికి 15 శాతం వరకు. షికారుకు ఎక్కువ, కూటికి తక్కువ! ఢిల్లీలో ఆటో సోదరుల చరిత్ర మనకు పాఠం. 1997లో సుప్రీం కోర్టు ఆటోల సంఖ్య పెరగకుండా కట్టడి చేసింది. 2011లో గాని దానిని లక్షకు పెంచలేదు. ఆ మధ్య కాలంలో పర్మిటు బంగారమైంది. ఆ బంగారం నడిపేవాని వద్ద లేదు. ఫైనాన్సరు పెట్టెలో వున్నది. కాగితం మీద యజమాని అయిన డ్రైవరు వానికి జీవితాంతం రుణగ్రస్తుడైనాడు.

సొంత బండి మోజు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1980లో రవాణా రంగంపై నియంత్రణలు సడలించిన తరువాత ఓడరేవుల డ్రైవర్లలో అత్యధికులు స్వతంత్ర కాంట్రాక్టర్లుగా మారారు. లారీ వారిది, అప్పు వారిది, కిరాయి రేటు మాత్రం కంపెనీది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చేసిన చట్టం అట్టివారిని ఉద్యోగులుగా గుర్తించవలసిన పరీక్షను పెట్టగా, రవాణా కంపెనీలు సుప్రీం కోర్టు దాకా పోరాడి 2022లో అక్కడ కూడా నిలువలేకపోయినవి. ఇక్కడ మనకు ఒక యజమాని కూడా కనబడడు. సరుకు ఒకనిది, ఆర్డరు ఫోనులోని యాపుది, మధ్యలో బ్రోకరు, రేటు ఎవరు కట్టారో తెలియదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అన్నది. అది ఐదుగురిని, అంతకు మించి పనిలో పెట్టుకున్న సంస్థలకే వర్తించింది. తన పనిలో తననే పెట్టుకున్నవాడు దాని కంటికి ఆనలేదు. 2025 నవంబరులో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి ఆ చట్టం వాటిలో కలసిపోయినా, మన మనిషి పన్నెండు గంటలు ఎనిమిదికి తగ్గలేదు.

బరువు సంగతి కూడా ఇట్లాంటిదే. “ఇంకో పది బస్తాలు పడనీయవయ్యా” అనేది సరుకు వాడు. వెనుక కమాను పట్టీలు తిరగబడేది, ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టు తప్పేది మన బండిలో. పట్టుబడితే 2019 సవరణ ప్రకారం 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. వద్దన్న డ్రైవరును వదలి బ్రోకరు పక్క బండిని పిలుస్తాడు. ఒంటరిగా వద్దనగలిగినవాడు ఎవడూ లేడు. సందు మొదట నిలిచిన బండ్లన్నీ కలసి వద్దంటే సంగతి వేరు.

యజమాని లేనప్పుడు సంఘం ఎవరితో పోరాడుతుందని అడిగేవారికి అహ్మదాబాదును గుర్తుచేస్తాము. అక్కడ తోపుడు బండ్ల స్త్రీలు, మూటలు మోసే స్త్రీలు, ఇంటివద్ద కుట్టుపని చేసే స్త్రీలు ఇలా భట్ నాయకత్వాన ‘సేవా’ సంఘం పెట్టుకుంటే, యజమాని లేని సంఘమేమిటని కార్మిక శాఖ మొదట అభ్యంతరం చెప్పింది. 1972లో రిజిస్టరు చేయక తప్పలేదు. ఇక 2024 జనవరి మొదటి రోజులు మీ అందరికీ జ్ఞాపకమే. ప్రమాదం చేసి తెలుపకుండా వెళ్ళిపోయిన డ్రైవరుకు పదేళ్ళ వరకు జైలు అన్న కొత్త సెక్షనుకు వ్యతిరేకంగా స్టీరింగులు నిలిచిపోయినవి. హైదరాబాదు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని దేశమంతా చూసింది. జీతపు డ్రైవరు ఎవరు, సొంత బండి డ్రైవరు ఎవరు అని ఆ రెండు రోజులు ఎవరూ విడదీయలేదు. ఆ సంవత్సరం జులైలో కొత్త శిక్షా స్మృతి అమలుకు వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది.

ఇంతవరకు చెప్పినదానికి మీరు తలలూపుతున్నారు. ఇప్పుడు చెప్పబోయేది కొందరికి రుచించకపోవచ్చు. ఇందాకటి లెక్కలో హెల్పరుకు 500 అన్నాము. పాతిక రోజులకు 12,500. ఢిల్లీలో నైపుణ్యం లేని పనికి సైతం 2025 ఏప్రిల్ నుండి ప్రకటించిన కనీస వేతనం 18,456. నిన్న ఆ అంకె వేస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. తనకే 430 మిగిలినవాడు హెల్పరుకు ఎక్కడినుండి తెచ్చి ఇస్తాడన్నది నిజమే. అయినా వెనుక బస్తాల మీద కూర్చుని వచ్చే ఆ కుర్రవాని ముందు మనం యజమానులమే. మనలను వద్దన్న కార్యకర్తల భయం ఇక్కడ వున్నది, అది ఉత్త భయం కాదు. కాబట్టి మేము తెచ్చిన ప్రతిపాదన ఇది: ఒకే బండి వుండి దానిని తానే నడిపేవానికి సభ్యత్వం, రెండవ బండి కొని డ్రైవరును పెట్టిన రోజున ఆ సభ్యత్వం రద్దు, హెల్పరుకు విడిగా, సమానమైన ఓటుతో సభ్యత్వం. కిరాయి రేటు కొరకు బ్రోకర్లతో మాట్లాడబోయే జాబితాలో హెల్పరు కూలి మొదటి పద్దుగా వుంటుంది, డీజిలు రెండవది.

దీనిపై చర్చ ఈ రాత్రే ముగియనక్కరలేదు. దరఖాస్తు పత్రాలు తలుపు పక్క బల్లమీద వున్నవి. బండి నెంబరు రాసే గడి కింద హెల్పరు పేరు రాసే గడి ఒకటి వున్నది. దానిని ఖాళీగా వదలి ఇచ్చిన పత్రాన్ని కార్యాలయంలో తీసుకోరు. హెల్పరు బయట బండికి కాపలా వుంటే పిలుచుకు రండి, అంతవరకు మీ బండిని మావాళ్ళు చూస్తారు.