కెనడాలోని మనవారి మదుపులు – పన్ను



కెనడాలో స్థిరపడిన మనవారు పెక్కురు, రిజిస్టరు పొదుపు పథకముల మితి నిండినపిమ్మట, మిగులు ధనమును బయటి ఖాతాలలో నుంచుచున్నారు. అట్టివారికి చట్టసమ్మతమైన మార్గములను కొన్నింటిని మేము విన్నవించుచున్నాము.

వడ్డీకి ఏటేట పూర్తిగా పన్ను పడును. వాటాల వెల పెరిగినచో అమ్మునాడే పన్ను. అదియు లాభములో సగముమీదనే. కావున వీలైనంతవరకు వడ్డీ పత్రములను పథకములలోను, వాటాలను వెలుపలను ఉంచుట మేలు. అమ్మకమున నష్టము వచ్చినచో, దానిని గడచిన 3 సంవత్సరముల లాభములకును, ఇకమీదటి లాభములకును చెల్లువేసికొనవచ్చును. అయితే అమ్మకమునకు ముందు వెనుకల 30 దినములలో ఆ వాటాలనే కొని యుంచుకొనరాదు.

స్వగ్రామమందలి భూమిని మరువరాదు. కెనడా నివాసి దేశాంతరమందలి లాభమునకును అచ్చట పన్ను లెక్క చూపవలయును. ఐనను నివాసియైననాటి వెలయే ఆ భూమికి కొన్నవెలగా నెంచబడును. ఆ వెలకు ఆధారపత్రము లేనివారు, పూర్వపు పెంపునకు సైతము పన్ను కట్టవలసివచ్చునేమో యని మా భయము.

పన్ను నెగవేయుట దోషము. చట్టమిచ్చిన వెసులుబాటును విడుచుట అజ్ఞానము. కావున బంధువులెల్లరు నేడే తమ పత్రములను సరిచూచుకొందురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.