చప్పుడు ఆగితే బండి బాగైనట్టు కాదు

(సొసైటీ వార్షిక సమావేశంలో, మన రోగుల వ్యాను మరమ్మతులు చూసే మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు మైకు అలవాటు లేదు. చేతిలో పాన ఉంటేనే నాకు మాట వస్తుంది. కానీ కార్యదర్శి గారు పట్టుబట్టారు. "పోయిన ఏడాది వ్యాను నాలుగు రోజులు ఎందుకు ఆగిందో దాతలకు నువ్వే చెప్పు" అన్నారు. మీ చేతిలో ఉన్న లెక్కల పేజీలో "బ్రేకు మరమ్మతు" అని ఒక్క లైనే ఉంది. ఆ లైను వెనక నా తప్పు ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

జరిగింది ఇది. వానాకాలంలో ఒకరోజు డ్రైవర్ అబ్బాయి షెడ్డుకు వచ్చాడు. "చాచా, ముందు ఎడమ చక్రంలో కీచుమంటోంది" అన్నాడు. ఆ రోజు షెడ్డులో మూడు ట్రాక్టర్లు ఉన్నాయి. చక్రం విప్పకుండానే రిమ్ము సందులోంచి టార్చి వేసి చూశాను. బయటి ప్యాడు మందంగా కనిపించింది. "దుమ్ము పట్టింది, నీళ్ళు కొట్టుకో, పో" అన్నాను. వారం తిరిగేసరికి చప్పుడు దానంతటదే ఆగిపోయింది. అబ్బాయి సంతోషపడ్డాడు, నేనూ సంతోషపడ్డాను. ఇంకో పది రోజులకు గరగరమని ఇనుము ఇనుమును గీకే చప్పుడు మొదలైంది. అప్పుడు చక్రం విప్పాను. బయటి ప్యాడు బాగానే ఉంది. లోపలి ప్యాడుకు మందు అన్నదే మిగల్లేదు. ఒట్టి ఇనప రేకు డిస్కును నాగలి చాలు తీసినట్టు దున్నేసింది.

ప్యాడ్లతో పోవాల్సిన పని డిస్కు దాకా, కాలిపర్ దాకా వెళ్ళింది. సామాను రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో డయాలిసిస్‌కు ఖమ్మం వెళ్ళాల్సిన పెద్దాయన ఒకరు రెండుసార్లు కిరాయి ఆటోలో వెళ్ళారు. డయాలిసిస్ అయ్యాక మనిషికి కూర్చునే ఓపిక ఉండదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువైంది.

మీకు చెప్పదలచింది ఒక్కటే. చప్పుడు పోగొట్టడం వేరు, చప్పుడుకు కారణం తీసేయడం వేరు. మాత్ర వేస్తే జ్వరం దిగుతుంది, జబ్బు లోపలే ఉంటుంది. బండి సంగతీ అంతే.

బ్రేకు ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను. మన వ్యానుకు ముందు చక్రాల్లో డిస్కులు, వెనక చక్రాల్లో డ్రమ్ములు. మీరు పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో కాలిపర్‌లోని పిస్టన్ లోపలి ప్యాడును డిస్కు మీదికి నొక్కుతుంది. తర్వాత కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును కూడా లాగి నొక్కుతుంది. రెండు ప్యాడ్ల మధ్య తిరిగే డిస్కు పట్టుబడి బండి ఆగుతుంది. బండి పరుగంతా అక్కడ వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. ముప్పైలో ఆపడానికీ అరవైలో ఆపడానికీ అంత తేడా.

ఆ పిన్నుల మీద రబ్బరు తొడుగులు ఉంటాయి. మన దగ్గర వానాకాలంలో పొలం దారుల్లో బురద ఎంత ఉంటుందో మీకు తెలుసు. తొడుగు చిరిగితే నీరు, మట్టి లోపలికి పోయి పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు కాలిపర్ జరగదు. బయటి ప్యాడు ఊరికే ఉంటుంది, లోపలిదే పనంతా చేసి అరిగిపోతుంది. మన వ్యానుకు జరిగింది ఇదే. నేను చూసింది పని చేయని ప్యాడును. పనిచేసి అరిగిపోయినదాన్ని చూడలేదు.

మరి మొదట్లో వచ్చిన కీచు ఏమిటి? చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు రేకు ఉంటుంది. ప్యాడు మందు రెండు మూడు మిల్లీమీటర్లకు దిగగానే ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. కంపెనీవాడు కావాలనే పెట్టిన గంట అది. "నన్ను మార్చండి" అని ప్యాడు అడుగుతోందన్నమాట. మన వ్యానులో ఆ రేకు కూడా అరిగి ఊడిపోయింది. గంట తెగిపోతే బడి అయిపోయిందని పిల్లలు ఇంటికి పోయినట్టు, మేం నిశ్చింతగా ఉన్నాం.

బ్రేకు చప్పుడు కొత్త బాధేమీ కాదు. 1902లో ఇంగ్లండ్‌లో లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన డిస్కును రాగితో పట్టించాడు. లోహం లోహాన్ని రాసి చెవులు పగిలే చప్పుడు వచ్చేది. ప్యాడుకు మెత్తని మందు అతికించాకే అది తగ్గింది. మన బోనకల్ స్టేషన్లో గూడ్సు బండి ఆగేటప్పుడు వినే కీచూ ఇలాంటిదే. రాపిడిలో రెండు వస్తువులు పట్టుకుని జారి, మళ్ళీ పట్టుకుని జారి, క్షణానికి వేలసార్లు వణుకుతాయి. నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమన్నట్టే. అందుకని ప్రతి కీచూ ప్రమాదం కాదు. ఏది ప్రమాదమో తెలుసుకోవాలి.

నేను ఇప్పుడు డ్రైవర్‌ను అడిగే ప్రశ్నలు చెబుతాను. మీ ఇంట్లో కారు ఉంటే మీరూ ఇవే అడగండి.

మొదటిది, చప్పుడు ఎప్పుడు వస్తోంది? రాత్రి వాన పడి, పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమని తర్వాత పోతే అది డిస్కు మీది పలుచటి తుప్పు. భయం లేదు. రోజంతా వస్తే చక్రం విప్పాలి.

రెండోది, పెడల్ తొక్కితే వస్తోందా, వదిలితే వస్తోందా? తొక్కకుండానే సన్నగా కీచుమంటూ, తొక్కగానే మారితే అది ప్యాడు గంట కావచ్చు. తొక్కినప్పుడు గరగరమంటే ఇనుము ఇనుముకు తగిలింది. ఆ బండిని ఇక నడపకూడదు. గతుకుల మీద మాత్రం టకటకమని, బ్రేకు తొక్కితే ఆగిపోతే ప్యాడు క్లిప్పు ఊడింది, లేదా కాలిపర్ బోల్టు వదులైంది. తొక్కినప్పుడు పెడల్, స్టీరింగు దడదడ వణికితే డిస్కు మందం అంతటా సమానంగా లేదు.

మూడోది, మలుపు తిరిగితే మారుతోందా? బ్రేకుతో పనిలేకుండా హోరు వస్తూ, వేగంతో పెరుగుతూ, మలుపులో ఎక్కువ తక్కువ అయితే అది చక్రం బేరింగు. బ్రేకును తప్పు పట్టకండి. ఒక్కోసారి డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న కంకర రాయి ఇరుక్కుని కూడా గోల చేస్తుంది.

నాలుగోది, ఒక చక్రం వేడెక్కుతోందా? పది కిలోమీటర్లు మెల్లగా వెళ్ళి ఆపి, చక్రాలకు కాస్త దూరంగా అరచేయి పెట్టి చూడండి, తాకవద్దు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుని వదలడం లేదు. బండి ఒక పక్కకు లాగినా అనుమానించాలి.

ఒక్క మినహాయింపు. 2019 తర్వాత వచ్చిన కార్లలో ఏబీఎస్ ఉంటుంది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది, గర్రుమంటుంది. అది చెడు చప్పుడు కాదు, చక్రం జారకుండా అది తన పని చేస్తోంది. భయపడి కాలు తీయకండి.

చేయకూడనివీ కొన్ని ఉన్నాయి. కీచుమంటోందని డిస్కు మీద నూనె గానీ గ్రీజు గానీ వేయకూడదు. చప్పుడు పోతుంది, దాంతోపాటు బ్రేకూ పోతుంది. ఆయిల్ డబ్బాలో మట్టం దిగిందని పోసి ఊరుకోకూడదు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దిగుతుంది, లేదా ఎక్కడో కారుతోంది. రెండింటిలో ఏదో చూడాలి. ఒక పక్క ప్యాడ్లే మార్చకూడదు, రెండు పక్కలా మార్చాలి. పాత బండ్ల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. గాలి పైపుతో ఊదవద్దని నా షెడ్డు పిల్లలకు గట్టిగా చెప్పాను. తడిగుడ్డతో తుడుస్తారు.

ఇంకో మాట. మన వ్యాను ఖమ్మం ఒక్కటే వెళ్ళదు. వైద్య శిబిరాలకు కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవి ఊళ్ళకూ వెళుతుంది. భద్రాచలం దాటి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు దిగాల్సి వస్తే బ్రేకు మీద కాలు పెట్టి దిగకూడదు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాటులో మరిగి ఆవిరైతే పెడల్ నేలకు పోతుంది, బండి ఆగదు. అందుకే చప్పుడు లేకపోయినా రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలి. చప్పుడు చేయని జబ్బు ఇదొక్కటి.

ఇక దాతలకు నా మనవి. చిన్నవాణ్ణి, తప్పుగా అనుకోవద్దు. వ్యాను కొన్న రోజు మనమంతా ఉన్నాం. దువా చేశాం, ఫొటో దిగాం, తలుపు మీద దాతల పేర్లు రాయించాం. మంచిదే. కానీ ప్యాడ్ల జతకు డబ్బిచ్చి పేరు రాయించుకున్నవారు ఒక్కరూ లేరు. బ్రేక్ ఆయిల్ సీసా మీద ఎవరి పేరూ ఉండదు. నిజానికి రోగిని క్షేమంగా ఇంటికి చేర్చేది ఆ సీసా, ఆ జత. వ్యాను మనకు అమానత్. కొనడంతో అమానత్ తీరిపోదు, నడిచినన్నాళ్ళూ కాపాడాలి.

నేను మూడు అడుగుతున్నాను. ఒకటి, ఏటా వ్యాను నిర్వహణకు కొంత సొమ్ము విడిగా పెట్టండి, డీజిల్ డబ్బులో కలపకండి. రెండు, వ్యానులో ఒక నోటుపుస్తకం ఉంచుదాం. ఏ రోజు, ఏ చక్రం, ఎలాంటి చప్పుడు, తొక్కితేనా వదిలితేనా, డ్రైవర్ రాయాలి. నేను చూసి, ఏం చేశానో దాని కిందే సంతకం పెడతాను. "దుమ్ము, పో" అని ఇక నోటి మాటతో పంపను. మూడు, ప్రతి 5,000 కిలోమీటర్లకు నాలుగు చక్రాలూ విప్పి, లోపలి ప్యాడు, బయటి ప్యాడు రెండూ కొలుస్తాను. మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చేస్తాను. ఈ పనికి నా కూలి తీసుకోను. అది నా సదఖా అనుకోండి, నా తప్పుకు పరిహారం అనుకోండి.

ఆ పెద్దాయన ఇవాళ సభకు వచ్చారు, రెండో వరుసలో కూర్చున్నారు. పొద్దున మన వ్యానులోనే వచ్చారు. దిగేటప్పుడు "బ్రేకు మెత్తగా పడుతోంది బేటా" అన్నారు. ఆ మాట నాకు చాలు.

అల్లాహ్ ఈ వ్యాను ఎక్కిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.