సిస్టర్ ముఖం చూసే నమ్ముతారు



2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ ఎల్బీనగర్‌లోని కామినేని ఆసుపత్రి నుంచి ఒక దాత గుండె మెట్రో రైలెక్కి లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రికి చేరింది. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. ఆ బండి మన నాంపల్లి మీదుగానే పోయింది. అందరికీ రైలే గుర్తుంది. అంతవరకూ ఆ గుండెను కాపాడిన ఐసీయూ నర్సు పని ఎవరి కంటా పడలేదు.

ఇవాళ నర్సింగ్ పట్టాలు అందుకున్న మీలో ఆబిడ్స్, నాంపల్లి ఆసుపత్రుల్లో ఉద్యోగాల్లో చేరబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. వెంటిలేటర్ మీదున్న మనిషి బ్రెయిన్ డెడ్ అయ్యాడేమోనన్న అనుమానం చాలాసార్లు మొదట వచ్చేది మీకే. సక్షన్ పైపు దించుతారు. నిన్నటిదాకా ఒళ్లదిరేలా దగ్గిన మనిషి ఇవాళ దగ్గడు. టార్చి వేస్తే కంటిపాప కదలదు. యూరిన్ బ్యాగు గబగబా నిండుతుంది. చార్టులో రాసి, డ్యూటీ డాక్టరును పిలుస్తారు.

తర్వాతిది చట్టం పని. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం, బ్రెయిన్ డెత్ అని తేల్చడానికి నలుగురు డాక్టర్లు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అవయవాలు మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. ఇది మీకు నోటికి రావాలి. బయట కూర్చున్న పేషెంటు అన్న అడిగేది అదే: "కిడ్నీల కోసమే సచ్చిపోయిండంటున్నరా, సిస్టర్?"

ఒళ్లు వెచ్చగా ఉంటుంది, వెంటిలేటర్ వల్ల ఛాతీ లేచి దిగుతుంటుంది. చనిపోయాడంటే మీకూ నమ్మబుద్ధి కాదు. అవయవదానం గొప్పదే అంటాం. మన ఇంట్లోవాళ్లవి ఇస్తామా అంటే మాట మారుస్తాం. కళ్లు దానమిస్తే వచ్చే జన్మలో కళ్లు లేకుండా పుడతారన్న భయం మనలోనూ ఉంటుంది. అనుమానాలుంటే న్యూరాలజిస్టునో, రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ కోఆర్డినేటర్‌నో అడిగి తేల్చుకోండి. తేల్చుకోకపోతే, జాలికొద్దీ "ఇంకా ఆశ ఉంది లెండి" అనేస్తారు. ఆ ఒక్క మాటకు ఆ ఇల్లు ఏళ్లతరబడి నలుగుతుంది.

దానం అడగడం మీ పని కాదు, కోఆర్డినేటర్‌ది. అదీ మరణం ధ్రువీకరించాకే. ఇంట్లోవాళ్లు వద్దంటే మీ పలకరింపులో తేడా రాకూడదు. ఒప్పుకున్నవాళ్లకూ తిప్పలు తప్పవు: యాక్సిడెంట్ కేసైతే పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి. "బాడీ ఇప్పుడే ఇచ్చేస్తారమ్మా" అనకండి. ఎంతసేపు పడుతుందో కనుక్కుని, ఆ టైమే చెప్పండి. ఆలస్యమైతే మళ్లీ మీరే వెళ్లి చెప్పండి.